పన్నెండో చిరుగు

"ఎలా చిరిగింది?"

ఎవరు ఏ బట్ట తెచ్చినా అక్క మొదట అడిగే మాట అదే. పలకరింపులూ కుశల ప్రశ్నలూ ఆ తర్వాతే. చొక్కా బల్ల మీద పడగానే చిరుగులోకి వేలు పెట్టి, కళ్ళజోడు పైనుంచి ఎదుటి మనిషి మొహంలోకి చూసి అడిగేది. జవాబు చెప్పందే సూది ముట్టేది కాదు. రేకు గీరుకుంటే ఒక రకంగా కుట్టాలట, మోచెయ్యి ఆనించీ ఆనించీ అరిగితే ఇంకో రకంగా కుట్టాలట, కుక్క పట్టి లాగితే మరో రకంగానట. "డాక్టరుకి అబద్ధం చెప్పినా ఒక్కోసారి బతికి బయటపడతారు, నాకు చెబితే మాత్రం బట్ట బతకదు" అని నవ్వేది. చిరిగిన చోట పోగుకి పోగు అల్లి, చిరిగిందన్న సంగతే తెలియకుండా రఫ్ఫు చెయ్యడంలో ఆమెకి సాటి లేరు. వీధి వీధంతా ఆమెని సూదమ్మ అనేవారు.

ఆ సూదమ్మకి ఒక తమ్ముడు. బొమ్మలు వేస్తాడు కాబట్టి బొమ్మలాయన. యాభై రెండేళ్ళు వచ్చినా అక్క ఇంటి మేడ మీది గదిలోనే కాపురం, అక్క చేతి వంటే భోజనం. ఇరవై ఐదేళ్ళు కొండలు వేశాడు, పడవలు వేశాడు, పూలకుండీలు వేశాడు. చుట్టాల ఇళ్ళ గోడలకి తప్ప ఎక్కడికీ ఎక్కలేదు. చుట్టాలు కూడా ఆయన వస్తున్నాడని తెలిస్తేనే అటక మీంచి దించి తగిలించేవారని ఆయనకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

రాత బాగుంటే భోజనానికి దిగడంలో కూడా కలిసొస్తుంది. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి దిగేసరికి అక్క పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్ళింది. బల్ల మీద ఒక బస్సు కండక్టరు చొక్కా. భుజం మీద సంచి పట్టీ ఒరుసుకుని చిరిగిన చోటు సగం కుట్టి ఉంది, సగం నోరు తెరుచుకుని ఉంది. మధ్యలో సూది నిలబడి ఉంది. ఆయన అన్నం మాట మరిచిపోయి అలా నిలుచుండిపోయాడు. ఇన్నేళ్ళూ కొండల్లో వెతికింది కింది గదిలో దొరికింది.

అలా మొదలయింది చిరుగుల వరస. సగం చిరుగు, సగం రఫ్ఫు. ప్రతి బొమ్మా అంతే. అక్క సగం దాకా కుట్టి సూది ఆపేది. "ఇదిగో, నీ సగం" అని ఇచ్చేది. ఆయన మేడ మీద పెట్టుకుని, పోగు పోగూ లెక్కపెట్టి మరీ గీసుకుని తిరిగి ఇస్తే, మిగతా సగం పూర్తి చేసేది. పంతులుగారి కోటు మోచెయ్యి, వంటాయన నడుముగుడ్డ మీద నిప్పురవ్వ పడ్డ కన్నం, ఫిడేలు వాయించే ఆయన చొక్కా మెడ పట్టీ, నర్సమ్మ స్వెటరు. ప్రతి బొమ్మ కింద ఒక చిన్న కార్డు, దాని మీద అక్క అడిగిన ప్రశ్నకి వాళ్ళు చెప్పిన జవాబు. తన బట్ట వారం ఆలస్యమైందని నర్సమ్మ సణిగితే అక్కే సర్దిచెప్పింది. "మా వాడు మొదటిసారి కళ్ళు తెరిచి చూస్తున్నాడమ్మా, కాస్త ఓర్చుకో" అంది. పొగిడిందో తిట్టిందో ఆయనకి తేలలేదు.

పదకొండు బొమ్మలయ్యాయి. గ్యాలరీ ఆవిడ వచ్చి చూసి, మెచ్చి, పొడుగాటి గోడ మొత్తం ఇస్తానంది. తేదీ కూడా పెట్టేసింది.

"కానీ ఆ గోడకి పన్నెండు పడతాయండీ. పదకొండు పెడితే పన్ను ఊడిన నోరులా ఉంటుంది. ఇంకొక్కటి వేసెయ్యండి, మీకెంతసేపు!" అంది.

వెయ్యడం ఎంతసేపు గానీ, చిరుగు దొరకొద్దూ? ఎండలు ముదిరాయి. ఉన్ని బట్టలూ కోట్లూ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. అక్క బల్ల మీదికి వచ్చినవన్నీ గుండీలు ఊడినవీ, కుట్లు వదిలినవీ. ఆయన వీధిలో నడుస్తూ ఎదురొచ్చిన వాళ్ళ మోచేతులూ మోకాళ్ళూ చూడటం మొదలుపెట్టాడు. బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషి జేబు వంక అదే పనిగా చూస్తుంటే, ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని దూరం జరిగాడు. నేను దొంగనా అని బొమ్మలాయనకి రోషం వచ్చింది. ఆ రోషం ఎన్నాళ్ళో నిలవలేదు.

అక్క గదిలో తలుపు వెనక చెక్క కొక్కేనికి బావ కోటు వేలాడుతూ ఉంటుంది. బూడిదరంగు ఉన్ని కోటు. బావ గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ఆ కోటుకి ఒక్క చిరుగు లేదు, ఒక్క మరక లేదు. "ఊరందరికీ నీ కుట్టు దక్కింది, నా కోటుకే ఆ యోగం లేదు చూడు" అని బావ ఆటపట్టించేవాడు. "నా సూది పడకుండా ఉండటమే దాని యోగం" అనేది అక్క. ఆయన పోయాక కూడా వారానికోసారి దించి, బ్రష్షుతో దులిపి, మళ్ళీ తగిలించేది. దాని గురించి మాత్రం ఎవరితోనూ ఏమీ మాట్లాడేది కాదు.

అక్క కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన పొద్దున బొమ్మలాయన ఆ కోటు దించాడు.

ఊరికే చూద్దామని దించానని ఆయన తరవాత తనకి తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. ఊరికే చూసేవాడు జేబులో పెన్సిళ్ళు చెక్కే బ్లేడు పెట్టుకుని మెట్లు దిగడు. ఎడమవైపు, జేబుకి కింద, నాలుగు వేళ్ళ పొడవున కోశాడు. ఉన్ని తెగితే పెద్ద చప్పుడేమీ కాదు. అయినా ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. తరవాత ఫ్రేముల చెక్క నునుపు చేసే ఉప్పుకాగితంతో అంచులు రుద్దాడు, పాత చిరుగులా కనబడాలని. రుద్దుతుంటే బూడిదరంగు నూగు ఆయన గోళ్ళలోకి వెళ్ళింది. సబ్బుతో మూడుసార్లు కడిగాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కోటు అక్క బల్ల మీద పెట్టి, చెప్పవలసిన మాట నోట్లో నాలుగైదు సార్లు తిప్పుకున్నాడు. 'తలుపు మేకు తగిలి చిరిగిందక్కా. దులుపుదామని దించుతుంటే పట్టుకుంది.' బాగానే ఉందనిపించింది.

అక్క వచ్చింది. కంట్లో మందు చుక్కలు వేశారేమో, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. కోటు చూసింది. చిరుగులోకి వేలు పెట్టింది. అంచు వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా వేలు పోనిచ్చింది. కళ్ళజోడు పైనుంచి తమ్ముడి మొహంలోకి చూసింది.

ఆయన మేకుతో సిద్ధంగా ఉన్నాడు.

అక్క అడగలేదు.

"ఎప్పటికి కావాలి?" అంది, అంతే.

"పది రోజుల్లో బొమ్మ అయిపోవాలక్కా."

"సరే."

మేడ మెట్లు ఎక్కుతుంటే ఆయనకి పెద్ద గండం గడిచినట్టు అనిపించింది. అబద్ధం ఆడే పని కూడా తప్పిందని సంతోషించాడు. ఆ సంతోషం తలుచుకుంటేనే ఆయనకి ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది. కోసిన తప్పు కంటే కూడా, ఆ మెట్ల మీద ఈల వేస్తూ ఎక్కిన సంగతే ఎక్కువ బాధిస్తుంది.

మూడు రోజులు అక్క ఆ కోటు మీద వంగి కూర్చుంది. లోపలి మడతలోంచి ఒక్కొక్క పోగూ లాగి, ఆ పోగుతోనే అల్లింది, రంగు తేడా రాకుండా. మధ్యమధ్య ఆగి కళ్ళు తుడుచుకునేది. మందు చుక్కల వల్లేనని ఆయన అనుకున్నాడు. అలా అనుకోవడమే సుఖంగా ఉంది మరి. నాలుగో రోజు సూది ఆపి కోటు చేతిలో పెట్టింది.

"ఇదిగో, నీ సగం."

మిగిలిన ఆరు రోజులూ ఆయన వేసినట్టు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్కొక్క పోగు కొసా ఎక్కడ తెగిందో అక్కడే, ఎంత తెగిందో అంతే. చేతికి కన్ను చెప్పింది, కన్నుకి కోటు చెప్పింది, మనిషి మధ్యలో అడ్డు రాలేదు. బొమ్మ పూర్తయ్యాక కోటు తీసుకుని కిందికి దిగితే అక్క పొయ్యి దగ్గర ఉంది.

"కొక్కేనికి తగిలించు" అంది వెనక్కి తిరక్కుండా.

తగిలించాడు. చిరుగు కనబడకుండా ముందు వైపు గోడకి తిప్పి మరీ తగిలించాడు. తరవాత ఫ్రేములు, మేకులు, పిలుపులు, కార్డులు. పన్నెండో కార్డు మీద, నోట్లో మురిగిపోతున్న ఆ మాటే రాసేశాడు: 'మా బావ కోటు. తలుపు మేకు తగిలి చిరిగింది.'

ప్రదర్శన మొదటిరోజు సాయంత్రం గ్యాలరీ నిండా జనం. కండక్టరు వచ్చి తన చొక్కా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. పంతులుగారు తన మోచెయ్యి ముందు నుంచి కదలడు. అక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చి, అందరూ కూర్చోమంటున్నా ఒక మూల నిలబడింది. అయితే జనమంతా చివరికి చేరేది పన్నెండో బొమ్మ దగ్గరికే. పోయిన భర్త కోటుని భార్య కుడుతుంటే తమ్ముడు బొమ్మ వేశాడని గ్యాలరీ ఆవిడ చెబుతుంటే ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు. ఒకావిడ బొమ్మలాయన రెండు చేతులూ పట్టుకుని, "మీది ఎంత మంచి మనసండీ" అంది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు వచ్చాడు కోట్ల మాస్టారు. ఊళ్ళో పెద్ద దర్జీ. అక్కకి వచ్చే పనిలో సగం ఆయన దుకాణం నుంచి వచ్చేదే. బావ కోటు కుట్టింది కూడా ఆయనే. చేతులు వెనక్కి కట్టుకుని కార్డు చదివాడు. బొమ్మ చూశాడు. మళ్ళీ కార్డు చదివాడు. ముక్కు కాన్వాసుకి తగిలేంత దగ్గరికి వంగాడు.

"మేకా?" అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే పెద్దది. "మేకు తగిలితే బట్ట మూలగా, ఎల్ అక్షరంలా చిరుగుతుంది కదయ్యా. అరిగితే పోగులు తలో చోటా తెగుతాయి. ఇక్కడ చూడు, అన్ని పోగులూ ఒకే గీత మీద ఉన్నాయి. దీన్ని ఎవరో కోశారు. భలే వేశావు గానీ బొమ్మలాయనా, కత్తి గాటుని కత్తి గాటులానే వేశావు!"

చుట్టూ ఉన్నవాళ్ళు ముందుకి వంగారు. బొమ్మలాయనకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా జేబు మీదికి వెళ్ళింది, బ్లేడు ఉందేమోనని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఇరవై ఐదేళ్ళ బొమ్మల జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు వేస్తే, ఆ బొమ్మే నడిబజారులో నిలబెట్టి సాక్ష్యం చెబుతోంది.

"మేకు కాదు మాస్టారూ." మూలనుంచి అక్క గొంతు. "వాడికి తెలియక అలా రాశాడు. కోటు గుండీ బిగిద్దామని కూర్చుంటే నా కత్తెర జారింది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు ఈమధ్య."

కండక్టరు తన చొక్కా భుజం వంక చూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా చెయ్యి జారని సూదమ్మ తన చెయ్యి జారిందని, తన దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్ళందరి ఎదుటా ఒప్పుకుంది. బొమ్మలాయన నోరు తెరవాల్సిన క్షణం అదే. ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు కూడా. "అవునండీ, పాపం, కళ్ళు..." అన్నాడు.

ఆ మాట అన్నాక తేలు కుట్టిన దొంగలా గోడ వారగా నిలబడిపోయాడు. అక్క ఆయన వైపు చూడలేదు. అందరితో పాటు టీ తాగి, కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత పది రోజుల పాటు అక్క బల్ల ఖాళీగా ఉంది. బట్టల కుప్ప లేదు, దారాల డబ్బా మూత తియ్యలేదు. అక్క కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేది, వేళకి అన్నం పెట్టేది. "కూర ఇంకాస్త వెయ్యనా?" అనేది. ఆ మామూలు మాటకే ఆయన సగం అన్నంలో చెయ్యి కడుక్కునేవాడు. తన నోటి మూలంగా ఆవిడ చేతిలో పని పోయిందని ఆయనకి అర్థమైంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని చిన్నప్పుడు ఎవరినో తిట్టగా విన్నాడు. ఆ వాసాలు లెక్కపెట్టడం కాదు, ఊడబీకినవాడు తను.

గ్యాలరీ ఆవిడ ఫోను చేసింది. పన్నెండు బొమ్మలూ కలిపి ఒకరు అడుగుతున్నారట, విడదియ్యకుండా ఒకే గోడకి పెట్టుకుంటారట. కార్డులు మాత్రం ఆయన చేతిరాతతో మళ్ళీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలట. ఇరవై ఐదేళ్ళుగా ఎదురుచూసిన ఫోను అది. ఆయన బల్ల ముందు కూర్చుని పదకొండూ గబగబా రాశాడు. పన్నెండోది ముందు పెట్టుకుని గంట సేపు కూర్చున్నాడు. మేకు అని రాయలేడు. అక్క కత్తెర అని అంతకన్నా రాయలేడు. చివరికి కళ్ళు మూసుకుని పళ్ళు పీకించుకునేవాడిలా రాశాడు: 'మా బావ కోటు. నేనే బ్లేడుతో కోశాను, బొమ్మ కోసం.' సంతకం పెట్టాడు. కార్డు చొక్కా జేబులో పెట్టుకుని కోట్ల మాస్టారి దుకాణానికి నడిచాడు.

దుకాణంలో నలుగురు పనివాళ్ళు మిషన్లు తొక్కుతున్నారు. మాస్టారు సుద్దముక్కతో గుడ్డ మీద గీస్తున్నాడు. మిషన్లు ఆగితే చెబుదామనుకున్నాడు. అవి ఆగలేదు. ఆ చప్పుడు మీదే అరిచి చెప్పవలసి వచ్చింది.

"మాస్టారూ, ఆ కోటు అక్క కత్తెర జారి తెగలేదు. నేనే కోశాను. అక్క కళ్ళకేం కాలేదు. దయచేసి పని ఆపకండి."

అప్పుడు ఆగాయి మిషన్లు.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు. "సూదమ్మ చెయ్యి జారడమేమిటయ్యా? కత్తెరతో తెగితే గాటు రెండు మూడు అంగల్లో ఉంటుంది, ఒక్క లాగులో ఉండదు. ఆరోజే తెలిసింది నాకు. ఆవిడ మాట పడిపోకూడదని ఊరుకున్నాను."

"మరి పని ఎందుకు..."

"నేనెక్కడ ఆపాను? మూడు కోట్లు పంపాను, మూడూ వెనక్కి వచ్చాయి. ఇంట్లో ఒకటి సగంలో ఉందట. ఒకటి సగంలో ఉండగా రెండోది ముట్టదు కదా ఆవిడ, నీకు తెలియదూ?"

తెలియదు. అక్క ఇంట్లో తింటూ, అక్క బల్ల చూసి పన్నెండు బొమ్మలు వేసి కూడా ఆ ముక్క ఆయనకి తెలియదు. తన సగం తను పట్టుకుపోవడమే గానీ, మిగతా సగం ఏమైందని ఒక్కసారి కూడా చూసింది లేదు.

ఇంటికి వచ్చేసరికి అక్క కిటికీ దగ్గరే ఉంది. ఆయన సరాసరి ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు వెనక కోటు ముందుకి తిప్పాడు. తను గోడకి తిప్పి పెట్టిన చోట, తను బొమ్మలో వేసినట్టే, పోగు కూడా మారకుండా చిరుగు సగం మూసుకుని సగం తెరుచుకుని ఉంది. సూది కూడా అక్కడే గుచ్చి ఉంది.

కోటు దించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందరిలాగే ఇవతల వైపు నిలబడ్డాడు. అక్క లేచి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. చిరుగులోకి వేలు పెట్టి, జోడు పైనుంచి ఆయన మొహంలోకి చూసింది.

"ఎలా చిరిగింది?"

ఆయన జేబులోంచి కార్డు తీసి ఇవ్వబోయాడు.

"నాకు కళ్ళు ఆనవుగా" అంది అక్క. "నోటితో చెప్పు."

"నేనే కోశానక్కా. బ్లేడుతో. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు." అక్క కోటు అంచు సరిచేసింది. "అది నీకు తెలుసు కాబట్టే అడగలేదు."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఏడుపు వస్తే బాగుండుననుకున్నాడు. అది కూడా రాలేదు. అక్క ఏమైనా తిడితే కాళ్ళ మీద పడేవాడే. ఆవిడ తిట్టలేదు. కోటు లోపలి మడత తిరగేసి, ఒక పోగు మెల్లగా లాగి, సూదితో పాటు ఆయన చేతికిచ్చింది.

"ఎక్కించు" అంది.

వెంట్రుకంత పోగుల్ని కాన్వాసు మీద గురి తప్పకుండా గీసిన చెయ్యి అది. మొదటిసారి పోగు సూది పక్కనుంచి పోయింది. రెండోసారీ పోయింది. కొస తడిచేసి మళ్ళీ పట్టుకున్నాడు. అక్క చెయ్యి చాపలేదు, తొందరపెట్టనూ లేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని, ఆయన ఎక్కించేదాకా కూర్చుంది.